నల్లతనానికి ధ్రువపత్రం ఎవరివ్వాలి?

2007 ఆగస్టులో లాస్ వేగస్‌లో జరిగిన నల్లజాతి పాత్రికేయుల జాతీయ సంఘం సమావేశానికి బరాక్ ఒబామా కాస్త ఆలస్యంగా వచ్చారు. అప్పటికి ఆయన డెమొక్రటిక్ పార్టీ అభ్యర్థిత్వం కోసం పోటీలో ఉన్నారు. నల్లజాతివారు వేళకు రారన్న మూసమాటను గుర్తుచేస్తూ, నేను సరిపడినంత నల్లవాడినేనా అని మీరంతా అడుగుతున్నారు కదా అంటూ తన ఆలస్యం మీదే చమత్కరించారు. తల్లి కాన్సస్‌కు చెందిన తెల్లజాతి మహిళ, తండ్రి కెన్యా దేశస్థుడు, బాల్యం గడిచింది హవాయిలో, ఇండోనేసియాలో. బానిసల సంతతి కాని ఈయన నిజంగా మనవాడేనా అన్న ప్రశ్నను ఆ రోజుల్లో నల్లజాతివారిలోనే కొందరు బాహాటంగా లేవనెత్తారు. నాలుగేళ్ళు తిరిగేసరికి, దేశాధ్యక్షుడిగా ఉంటూనే, 2011 ఏప్రిల్‌లో ఆయన తన పూర్తి జనన ధ్రువపత్రాన్ని బయటపెట్టవలసి వచ్చింది. ఈసారి అడిగినవారు ఆయన అసలు అమెరికావాడే కాదని ప్రచారం చేసినవారు. 2024 జూలై 31న షికాగోలో అదే పాత్రికేయుల సంఘం వేదిక మీద డొనాల్డ్ ట్రంప్ మాట్లాడుతూ, కమలా హారిస్ ఎప్పుడూ భారతీయురాలిగానే చెప్పుకునేవారనీ, ఉన్నట్టుండి నల్లజాతి మహిళ అయిపోయారనీ అన్నారు. ఆమె తల్లి శ్యామలా గోపాలన్ తమిళురాలు, తండ్రి జమైకా నుంచి వచ్చిన ఆర్థికశాస్త్ర ఆచార్యుడు. ఆమె డిగ్రీ చదివింది నల్లజాతివారి ఉన్నత చదువుకు పేరుపడిన హోవర్డ్ విశ్వవిద్యాలయంలో.

బయటివారూ లోపలివారూ చెరోవైపు నుంచి జరిపే ఈ విచారణ పదవుల కోసం పోటీపడేవారికే పరిమితం కాదు. అమెరికాలోని నల్లజాతి విద్యార్థికీ ఉద్యోగికీ రోగికీ ఇది నిత్యానుభవం, కాబట్టి వారి మానసిక ఆరోగ్యం గురించి మాట్లాడాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఈ విషయంలో చాలామంది ఒక వరస చెబుతారు: జాతివివక్ష వల్ల మనిషి తనను తాను తక్కువగా చూసుకోవడం మొదలుపెడతాడు, ఆ న్యూనతవల్ల మనసు జబ్బుపడుతుంది, కనుక ఆత్మగౌరవాన్ని పెంచితే జబ్బు తగ్గుతుంది. వినడానికి సబబుగానే ఉన్న ఈ వరసలో మొదటి మెట్టే గట్టిది కాదు. గత కొన్ని దశాబ్దాల పరిశోధన చూపిస్తున్నది వేరు. నల్లజాతివారిలో ఎక్కువమంది తమను తాము తక్కువగా చూసుకోవడం లేదు. తమను చూసే చూపును ప్రతిక్షణం లెక్కలోకి తీసుకుంటూ బతకవలసి రావడానికి మాత్రం మనసూ శరీరమూ భారీ మూల్యం చెల్లిస్తున్నాయి.

జబ్బు నల్లజాతి మనిషి లోపలే ఉందని చూడటం అమెరికా వైద్యానికి పాత అలవాటు. 1840 జనాభా లెక్కల ప్రకారం, ఉత్తరాది రాష్ట్రాల్లో స్వేచ్ఛగా బతుకుతున్న నల్లజాతీయులలో మతిస్థిమితం లేనివారు దక్షిణాది బానిసలలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మసాచుసెట్స్ వైద్యుడు ఎడ్వర్డ్ జార్విస్ ఆ పట్టికలను తిరగేసి, నల్లజాతివారు ఒక్కరైనా లేని ఊళ్ళలో కూడా పిచ్చిపట్టిన నల్లజాతివారిని లెక్కించారని బయటపెట్టాడు. అయినా 1844లో విదేశాంగ మంత్రి జాన్ కాల్హౌన్ అవే అంకెలు చూపించి బానిసత్వమే వారికి క్షేమమని వాదించాడు. 1851లో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే దక్షిణాది వైద్యుడు, బానిసలు యజమానుల దగ్గర నుంచి పారిపోవడం ఒక మానసిక వ్యాధి అని తేల్చి, దానికి డ్రాపెటోమేనియా అని పేరు పెట్టి, నివారణ మార్గాలలో కొరడా దెబ్బలను కూడా చేర్చాడు.

ఇదంతా బానిసత్వ కాలపు సంగతి అని తోసిపుచ్చడానికి వీల్లేదు. పౌరహక్కుల ఉద్యమం నడుస్తున్న 1968లో ఇద్దరు మనోవైద్యులు ఒక ప్రముఖ వైద్య పత్రికలో, నల్లజాతి పురుషులలో ‘నిరసన ఉన్మాదం’ అనే పరిస్థితి కనిపిస్తోందని రాశారు. జోనాథన్ మెట్జల్ అనే మనోవైద్యుడు మిషిగన్ రాష్ట్రంలోని అయోనియా ఆసుపత్రి పాత దస్త్రాలను పరిశీలించినప్పుడు, అంతకుముందు స్కిజోఫ్రీనియా (భ్రమలతో కూడిన తీవ్ర మానసిక వ్యాధి) ఉందన్న నిర్ధారణ తెల్లజాతి గృహిణులకు కూడా తరచుగా జరిగేదనీ, 1960లలో అది డెట్రాయిట్ నుంచి వచ్చిన నల్లజాతి పురుషుల మీదికి మళ్ళిందనీ తేలింది. 1974లో ఒక మనోవైద్య పత్రికలో వచ్చిన హాల్‌డాల్ అనే మనోవ్యాధి మందు ప్రకటన మీద ముద్రించిన బొమ్మ నగర వీధిలో పిడికిలి బిగించిన ఒక నల్లజాతి మనిషిది. పిడికిలి అప్పటికి నల్లజాతి హక్కుల పోరాటానికి గుర్తని ఆ పత్రిక చదివే వైద్యులకు విడమరచి చెప్పనక్కర్లేదు. నేటికీ, ఒకే రకమైన లక్షణాలతో వచ్చినా, నల్లజాతి రోగులకు స్కిజోఫ్రీనియా అనీ తెల్లజాతి రోగులకు డిప్రెషన్, బైపోలార్ వంటి జబ్బులనీ నిర్ధారించే ధోరణి అధ్యయనాలలో పదేపదే బయటపడుతూనే ఉంది.

మరోవైపు, సమస్యను మనిషి లోపల కాక అతడికీ అతడిని చూసేవారికీ మధ్య వెతికినవారిలో నల్లజాతి సామాజిక శాస్త్రవేత్త డబ్ల్యూ.ఈ.బీ. డుబోయ్ ముందువరసలో ఉంటాడు. మసాచుసెట్స్‌లోని చిన్న పట్టణంలో, చెక్కలతో కట్టిన బడిలో, పిల్లలంతా పది సెంట్లకు ఒక కట్ట చొప్పున పేరు కార్డులు కొనుక్కుని ఒకరికొకరు ఇచ్చుకునే సరదా ఒకరోజు నడిచింది. బడికి కొత్తగా వచ్చిన పొడుగాటి అమ్మాయి ఒకతె ఇతని కార్డును మాత్రం ఒక్క చూపుతో తిరస్కరించింది. తాను మిగతావారి లాంటివాడిని కానని తనకు తట్టింది అప్పుడేనని ఆయన రాసుకున్నాడు. 1897లో ఒక పత్రికా వ్యాసంలోనూ, దాన్ని సవరించి 1903లో వెలువరించిన పుస్తకంలోనూ ఆయన చెప్పిన ద్వంద్వ చైతన్యం ఇదే: తనను ఎప్పుడూ ఇతరుల కళ్ళతో చూసుకుంటూ, జాలీ తిరస్కారమూ కలిసిన లోకపు కొలతతో తన ఆత్మను కొలుచుకోవలసి రావడం. గమనించవలసిన సంగతి ఒకటుంది. డుబోయ్ తనను తాను ద్వేషించుకున్నానని ఎక్కడా అనలేదు. పైగా అప్పటినుంచి తోటి పిల్లలను చదువులోనూ పరుగులోనూ ఓడించడమే పనిగా పెట్టుకున్నానన్నాడు. (1946లో అంబేడ్కర్ ఈ డుబోయ్‌కే ఉత్తరం రాసి, ఐక్యరాజ్యసమితికి నల్లజాతీయులు సమర్పించిన వినతిపత్రం ప్రతి కావాలని అడిగారు. కులానికీ జాతికీ పోలిక వెతికే మన పాఠకులకు అది మంచి ఆధారమే. కానీ ఈ వ్యాసంలో చెప్పే పరిశోధన ఫలితాలు అమెరికావి, వాటిని తెచ్చి కులం మీద యథాతథంగా అతికించలేం.)

ఆత్మద్వేషం అన్న మాట బలపడింది బొమ్మల పరీక్షతో. మనస్తత్వవేత్తలైన కెనెత్ క్లార్క్, మేమీ క్లార్క్ దంపతులు 3 నుంచి 7 ఏళ్ళ నల్లజాతి పిల్లలు 253 మంది ముందు, రంగు తప్ప మరే తేడా లేని నాలుగు బొమ్మలు పెట్టారు. రెండు గోధుమరంగువి, రెండు తెల్లవి. నువ్వు ఆడుకోవాలనుకునే బొమ్మ ఇవ్వు, మంచి బొమ్మ ఇవ్వు, చెడ్డగా కనిపించే బొమ్మ ఇవ్వు అని ఒక్కొక్కటే అడుగుతూ పోయి, చివరికి నీలా ఉన్న బొమ్మ ఇవ్వు అని అడిగారు. 1947లో ప్రచురించిన ఫలితాల ప్రకారం 67 శాతం మంది ఆడుకోవడానికి తెల్లబొమ్మనే కోరుకున్నారు, 59 శాతం మంది గోధుమరంగు బొమ్మనే చెడ్డదిగా చూపించారు. అంతవరకూ చలాకీగా జవాబులిచ్చిన పిల్లల్లో కొందరు చివరి ప్రశ్న దగ్గర ఏడ్చేశారు, గదిలోంచి బయటికి పరుగుతీసినవారూ ఉన్నారు. బడులలో జాతి విభజన చెల్లదని 1954 మే 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో పదకొండో అధోజ్ఞాపిక ఇతర రచనలతో పాటు కెనెత్ క్లార్క్ రచనను కూడా ఉదహరించింది.

ఆ తీర్పు వచ్చినందుకు సంతోషించవలసిందే, కానీ ఆ పరీక్ష చెప్పినదంతా తీర్పులోకి రాలేదు. తెల్లబొమ్మను ఎంచుకున్నవారు దక్షిణాదిలో నల్లజాతివారికే వేరుగా పెట్టిన బడుల పిల్లలలో కంటే, తెల్లపిల్లలతో కలిసి చదువుకుంటున్న ఉత్తరాది పిల్లలలోనే ఎక్కువ. చివరి ప్రశ్నకు ఎక్కువగా కలత చెందిందీ వారే. విభజనను సమర్థించిన న్యాయవాదులు ఈ సంగతిని తమకు అనుకూలంగా వాడుకోవాలని చూశారు. నా దృష్టిలో దాని అర్థం వేరు: ఉత్తరాది పిల్లలు ఆ చూపుకు రోజూ ఎదురుపడేవారు, కాబట్టి పెద్దలు అడిగే అలాంటి ప్రశ్నకు ఏ జవాబు ‘సరైనదో’ వారికి ముందే తెలుసు. ఆ తర్వాత మనస్తత్వవేత్త విలియం క్రాస్ పాత అధ్యయనాలన్నిటినీ వరసపెట్టి పరిశీలించి, తమ జాతి సమూహానికి లోకం కట్టిన విలువను పిల్లలు గ్రహించడం ఒకటనీ, తమకు తాము కట్టుకునే విలువ మరొకటనీ, ఈ రెండింటినీ దశాబ్దాలపాటు కలగలిపి చదివామనీ 1991లో వాదించాడు. అంకెలు ఆయన పక్షానే నిలిచాయి. ఆత్మగౌరవాన్ని సూటిగా కొలిచిన వందలాది అధ్యయనాలను గుదిగుచ్చి 2000, 2002లలో ప్రచురించిన రెండు విశ్లేషణల్లోనూ నల్లజాతి అమెరికన్ల సగటు తెల్లజాతివారి కంటే కాస్త ఎక్కువగానే తేలింది.

అయితే కష్టం ఎక్కడుంది? 1991లో మనస్తత్వవేత్త జెనిఫర్ క్రాకర్ బృందం చేసిన ఒక ప్రయోగం దీన్ని చేతికందేంత దగ్గరగా చూపించింది. నల్లజాతి విద్యార్థిని ఒక గదిలో కూర్చోబెట్టి, అద్దానికి అవతలి గదిలో తెల్లజాతి విద్యార్థి ఒకరున్నారనీ, నీ గురించి నువ్వు రాసిన వివరాలు చదివి నీతో స్నేహం కుదురుతుందో లేదో వారు చెబుతారనీ అన్నారు. సగం మందికి అద్దం మీది తెర ఎత్తి ఉంచారు, అంటే తమ ఒంటిరంగు అవతలివారికి కనిపిస్తోందని వారికి తెలుసు. మిగతా సగానికి తెర దించేశారు. ప్రతికూలమైన అభిప్రాయం వచ్చినప్పుడు, తెర ఎత్తి ఉన్నవారు అది తమ రంగు మీద వచ్చిన మాట అనుకోగలిగారు, వారి ఆత్మగౌరవం దెబ్బతినలేదు. వింత ఏమిటంటే, అనుకూలమైన అభిప్రాయం వచ్చినప్పుడు తెర ఎత్తి ఉన్నవారి ఆత్మగౌరవం తగ్గింది. తెర దించి ఉన్నవారు పొగడ్తను పొగడ్తగా తీసుకున్నారు. తెర ఎత్తి ఉన్నవారు మాత్రం ఇది నన్ను చూసి అన్న మాటా, నల్లవాడిని కాబట్టి జాలిపడి, లేదా తనకు వివక్ష లేదని చాటుకోవడానికి అన్న మాటా అని తేల్చుకోలేకపోయారు. తిట్టు నుంచి కాపాడిన కవచమే పొగడ్తను కూడా లోపలికి రానివ్వలేదు. ఉద్యోగంలో పదోన్నతి, తరగతిలో మెచ్చుకోలు, విందులో మర్యాద, ఇవన్నీ ఇలాంటి అనుమానం దాటుకుని వచ్చేవారికి, తాను నిజంగా ఏమిటన్నది ఇతరుల మాటల ద్వారా తెలుసుకునే దారి సగం మూసుకుపోయినట్టే. మనలో చాలామందికి ఆ దారి ఒకటుందని కూడా గుర్తుండదు, ఎందుకంటే అది ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

బయటి చూపు ఇంత నమ్మరానిదైనప్పుడు మనిషి సొంతవారి వైపు తిరుగుతాడు. క్రాస్ 1971లో ప్రతిపాదించిన నమూనా ఈ మలుపునే వివరిస్తుంది: తన నల్లతనాన్ని పెద్దగా పట్టించుకోని మనిషికి ఒక దెబ్బ తగులుతుంది, ఆ దెబ్బతో నల్లజాతి సంస్కృతిలో పూర్తిగా మునుగుతాడు, ఆ ఆవేశం నెమ్మదించాక తన అస్తిత్వంతో స్థిమితంగా బతకడం నేర్చుకుంటాడు. మునిగిన దశలో ఉన్నవారే ఇతరుల అసలుతనాన్ని అందరికంటే కఠినంగా తూచుతారన్నది ఈ నమూనాలోని సూక్ష్మమైన పరిశీలన. జుట్టు ఎలా ఉంచుకున్నావు, ఏ యాసలో మాట్లాడుతున్నావు, ఎవరిని పెళ్ళాడావు, ఏ పేటలో ఇల్లు కొన్నావు అన్నవన్నీ అప్పుడు సాక్ష్యాలవుతాయి. నేటి నల్లజాతి అమెరికన్లలో సుమారు పదిమందికి ఒకరు వలస వచ్చినవారు. నైజీరియా, ఇథియోపియా, హైతీల నుంచి వచ్చినవారికి పోలీసు ముందు నల్లవారు కావడానికి ఏ పరీక్షా అక్కర్లేదు గానీ, పొరుగింటి నల్లజాతివారి ముందు మాత్రం పరీక్ష ఉంటుంది. 1986లో సిగ్నిథియా ఫోర్డమ్, జాన్ ఓగ్బూ వాషింగ్టన్‌లోని ఒక ఉన్నత పాఠశాలను చూసి, బాగా చదివే నల్లజాతి పిల్లలను తోటివారు తెల్లవారిలా నటిస్తున్నావని ఎగతాళి చేస్తారని రాసినది విపరీతంగా ప్రచారంలోకి వచ్చింది. 2005లో నార్త్ కరోలినా బడులలో జరిగిన అధ్యయనంలో చాలా చోట్ల అలాంటి జాడే కనబడలేదు. పైస్థాయి తరగతులన్నీ తెల్లపిల్లలతోనే నిండిన చోట అది తలెత్తింది. అంటే ఆ ఎగతాళి నల్లజాతి సంస్కృతిలో పుట్టినది కాదు, ఆ బడిలో ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టారన్న దానిలో పుట్టినది.

పని చేసేచోట, నీ నిజస్వరూపంతోనే రా అని మానవ వనరుల విభాగాలు ఇచ్చే పిలుపు కూడా ఈ నేపథ్యంలో ఎంత అమాయకమైనదో చూడాలి. అలబామాలో ఒక నల్లజాతి మహిళకు 2010లో వచ్చిన ఉద్యోగం, జడలు కట్టిన జుట్టును కత్తిరించుకోనన్నందుకు చేజారింది. కేశాలంకరణ మార్చుకోగలిగినదే కనుక అది జాతివివక్ష కిందికి రాదని 2016లో ఫెడరల్ అప్పీలు కోర్టు చెప్పింది. జుట్టు తీరును బట్టి వివక్ష చూపరాదన్న తొలి రాష్ట్ర చట్టం కాలిఫోర్నియాలో 2019లో గానీ రాలేదు. ఇలాంటిచోట ఆఫీసులో ఒక యాస, ఇంట్లో ఒక యాస మాట్లాడే మనిషిని బూటకపు మనిషి అనడం అన్యాయం. రెండు తీర్లుగా మాట్లాడటం దానంతటదే హాని చేయదు, లోకంలో సగం మంది చేసే పనే అది. హాని చేసేది ఒక్క పొరపాటుకు ఉద్యోగమో ప్రాణమో పోతుందన్న ఎరుకతో చేయవలసి రావడం.

ఆ ఎరుక ఒంట్లోకి ఎలా దిగుతుందో చూపినవాడు ప్రజారోగ్య శాస్త్రవేత్త షెర్మన్ జేమ్స్. నార్త్ కరోలినాలో ఆయన కలిసిన జాన్ హెన్రీ మార్టిన్ అనే రైతు 1907లో కటిక పేదరికంలో పుట్టి, రెండో తరగతితో బడి మానేసి, కౌలుకు దున్నే బతుకు నుంచి తన కుటుంబాన్ని బయటికి లాగి, నలభై ఏళ్ళు వచ్చేసరికి 75 ఎకరాలకు యజమాని అయ్యాడు. యాభైలు దాటుతుండగా రక్తపోటు, కీళ్ళవాతం, పొట్టలో పుండ్లు. పొట్టలో 40 శాతం తీసేయవలసి వచ్చింది. ఆవిరి యంత్రంతో పోటీపడి గెలిచి, గెలిచిన చోటే కూలి చనిపోయాడని జానపద గాథలో చెప్పే సుత్తి కూలీ పేరు కూడా జాన్ హెన్రీయే. 1983లో జేమ్స్ ఆ పేరుతోనే ఒక సిద్ధాంతం ప్రతిపాదించాడు: వనరులు లేనిచోట పట్టుదల ఒక్కటే పెట్టుబడిగా పోరాడేవారికి రక్తపోటు ముప్పు ఎక్కువ. జార్జియా గ్రామాల్లోని పేద నల్లజాతి యువత మీద జీన్ బ్రోడీ, గ్రెగరీ మిల్లర్ బృందం 2015లో ప్రచురించిన ఫలితం ఇంకా ఇబ్బందికరమైనది. ఎక్కువ నిగ్రహం ఉన్న పిల్లలకు డిప్రెషన్ తక్కువ, చెడు అలవాట్లు తక్కువ, కానీ వారి కణాల వయసు మాత్రం అసలు వయసును దాటి పరుగెత్తింది. మనసు నిలబడిందని చెప్పే ప్రశ్నాపత్రం దగ్గరే ఆగిపోతే ఈ రెండో లెక్క కనబడదు.

డిప్రెషన్ అంకెలు కూడా ఈ కోణంలో చదవవలసినవే. 2007లో ప్రచురితమైన జాతీయ సర్వే ప్రకారం జీవితకాలంలో ఒక్కసారైనా తీవ్ర డిప్రెషన్‌కు గురైనవారు తెల్లజాతివారిలో 17.9 శాతం, ఆఫ్రికన్ అమెరికన్లలో 10.4 శాతం. కానీ గురైనవారిలో అది దీర్ఘకాలం వదలకుండా పట్టుకున్నది తెల్లజాతివారిలో 38.6 శాతం మందినైతే, ఆఫ్రికన్ అమెరికన్లలో 56.5 శాతం మందిని. దీనికి కారణం చర్చి, కుటుంబం ఇచ్చే ఆసరా అనీ, జైళ్ళలో ఉన్నవారిని సర్వేలు లెక్కించకపోవడమనీ, బాధను చెప్పుకునే తీరు వేరు కావడమనీ వాదనలు సాగుతూనే ఉన్నాయి. ఏ వాదన నిలిచినా, సమాజం నిలబెట్టినంతకాలం నిలబడి, పడ్డాక లేపే వైద్యం అందనివారి చిత్రమే ఆ అంకెల్లో నాకు కనిపిస్తుంది. సిఫిలిస్ వచ్చిన నల్లజాతి పురుషులకు మందు ఇవ్వకుండా 1932 నుంచి 1972 వరకు ప్రభుత్వ వైద్యులే అలబామాలోని టస్కీగీలో పరిశీలిస్తూ కూర్చున్న దేశంలో, ఆసుపత్రి మెట్లెక్కడానికి వెనుకాడటాన్ని మూఢత్వం అనలేం.

మరి బలమైన నల్లజాతి అస్తిత్వం కవచమా, కాదా? మనస్తత్వవేత్త రాబర్ట్ సెల్లర్స్ ఈ ప్రశ్ననే విడగొట్టాడు: నల్లతనం నీకెంత ముఖ్యం, నీ జాతి గురించి నువ్వేమనుకుంటున్నావు, లోకం ఏమనుకుంటోందని నీ నమ్మకం. తన జాతి పట్ల సొంత గౌరవం ఎక్కువున్నవారి మానసిక స్థితి సాధారణంగా మెరుగ్గానే ఉంది. నల్లతనం జీవితానికి కేంద్రమైనవారు వివక్షను ఎక్కువగా గుర్తించారు కూడా. అసలు తిరకాసు మూడోదానిలో ఉంది. లోకం మనల్ని గౌరవిస్తుందని నమ్మినవారినే వివక్ష గట్టిగా గాయపరిచింది. లోకానికి మన మీద గౌరవం లేదని ముందే తెలిసినవారు తట్టుకున్నారు. నల్లజాతి తల్లిదండ్రులు పోలీసు కారు ఆపితే చేతులు స్టీరింగ్ మీదే ఉంచాలని పదేళ్ళ కొడుకుకు చెప్పేటప్పుడు మోసే బరువు ఇదే. హెచ్చరించకపోతే దెబ్బ గట్టిగా తగులుతుంది, మరీ హెచ్చరిస్తే పిల్లవాడు ఎవరినీ నమ్మడు. తమవారి చరిత్ర మీద గర్వం కలిగించే మాటలు పిల్లలకు మేలు చేస్తాయనీ, ఎవరినీ నమ్మవద్దన్న మాటలకు ఆ మేలు లేదనీ పరిశోధనలు చెబుతున్నా, ఒకే సంభాషణలో ఈ రెండింటినీ విడదీయడం మాత్రం వారి పనే. సమాన హక్కుల ఉద్యమపు వేడిలోనే వచ్చిన 1965 వలస చట్టం పుణ్యాన అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో చాలావాటికి ఈ సంభాషణ అవసరం పడలేదు. పక్కింట్లో అది జరుగుతోందన్న సంగతి తెలిసినవారు కూడా తక్కువే.

అమెరికా మనోవైద్యుల సంఘం 2021 జనవరిలోనూ, అక్కడి మనస్తత్వవేత్తల సంఘం అదే ఏడాది అక్టోబరులోనూ తమ వృత్తి జాతివివక్షకు తోడ్పడినందుకు క్షమాపణ చెప్పాయి. కానీ వైద్యం గదిలో ఆచరణ ఇంకా పాత చట్రంలోనే ఉంది. నిరాయుధుడైన నల్లజాతి మనిషిని పోలీసులు చంపిన తర్వాతి మూడు నెలల్లో, అదే రాష్ట్రంలోని ఇతర నల్లజాతీయుల మానసిక ఆరోగ్యం దెబ్బతిన్నదనీ, తెల్లజాతివారిలో అలాంటి మార్పేమీ లేదనీ 2018లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన అధ్యయనం చూపింది. మృతుడితో ఏ పరిచయమూ లేని ఆ మనిషి నిద్రపట్టడం లేదని చికిత్సకుడి దగ్గరికి వస్తే, మనోవైద్యులు జబ్బుల నిర్ధారణకు వాడే ప్రామాణిక గ్రంథం ప్రకారం అది పీటీఎస్‌డీ (ఘోరమైన దెబ్బ తర్వాత మనసులో మిగిలే ఒత్తిడి రుగ్మత) కిందికి రావడం కష్టం. దానికి సాధారణంగా రోగి స్వయంగా ప్రాణాపాయం, తీవ్ర గాయం వంటివి ఎదుర్కోవడమో, కళ్ళారా చూడడమో, దగ్గరివారికి జరగడమో కావాలి. వివక్షకు గురైనవారి కోసం ఆ గ్రంథంలోనే ఒక సంకేతం ఉంది, కానీ అది జబ్బుల జాబితాలో లేదు, జబ్బు కాని ఇతర పరిస్థితుల జాబితాలో ఉంది, ఆ ఒక్క సంకేతం మీదే బీమా సంస్థలు సాధారణంగా డబ్బు చెల్లించవు. అందుచేత ఎదుటి మనిషికి ఏం జరిగిందో పూర్తిగా అర్థమైన చికిత్సకుడు సైతం బిల్లు మీద ఆందోళన రుగ్మత అనో, సర్దుబాటు రుగ్మత అనో రాసి సంతకం పెడతాడు.